అక్వేరియం చేపకి యాంటీబయాటిక్ ఎప్పుడు వెయ్యాలి, ఎప్పుడు వద్దు: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది ఒడిశాలో పర్లాకిమిడి. ఇంట్లో ట్యాంకులు పెట్టి చాలా ఏళ్ళయింది. బరంపురం, గుణుపురం, రాయగడ, ఎక్కడ తెలిసినవాళ్ళ చేపకి నలతగా ఉన్నా ఫోటో తీసి పంపించి మొదట అడిగేది ఒకటే, ఏ యాంటీబయాటిక్ వెయ్యమంటారు అని. నేను డాక్టర్ని కాదండి, చేపలు పెంచుకునేవాణ్ణి. చదివి, చూసి, కొన్ని చేపల్ని పోగొట్టుకుని తెలుసుకున్నది రాస్తున్నాను, ప్రశ్నలు మాత్రం జనం అడిగిన మాటల్లోనే ఉంచాను.

గోల్డ్‌ఫిష్ రెక్కల అంచులు చిరిగి ఎర్రగా అయిపోనాయి, ఏ మందు వెయ్యాలి?

ముందు నీళ్ళు టెస్ట్ చెయ్యండి. చేపల వ్యర్థాల నుంచి పుట్టే అమ్మోనియా సున్నా ఉండాలి, అది మారితే వచ్చే నైట్రైట్ సున్నా ఉండాలి, చివరికి మిగిలే నైట్రేట్ 40 పీపీఎం (అంటే లీటరుకి 40 మిల్లీగ్రాములు) లోపు ఉంటే మంచిది. కిట్ లేకపోతే తెప్పించుకోండి, అది వచ్చేలోపు క్లోరిన్ పోగొట్టిన నీళ్ళతో మూడో వంతు మార్చండి, మేత తగ్గించండి. ఏరోమొనాస్, సూడోమొనాస్ లాంటి బ్యాక్టీరియా ట్యాంకు నీళ్ళలో ఎప్పుడూ ఉండేవే, బలంగా ఉన్న చేపని అవి ఏమీ చెయ్యలేవు. అమ్మోనియా మొప్పల్ని కాల్చి, ఒంటి మీదున్న జిగురు పొర దెబ్బతిని, చేప నీరసపడ్డాకే లోపలికి దూరతాయి. నీళ్ళు బాగుచెయ్యకుండా మందు వేస్తే ఆ మందు పనిచేసినా వారానికి మళ్ళీ అదే జబ్బు.

ఇది నాకు తితలీ తుఫానుకి తెలిసొచ్చింది. 2018 అక్టోబర్ 11 తెల్లారుజామున పలాస దగ్గర తీరం దాటింది కదా, మా గజపతి జిల్లా అంతా అతలాకుతలం అయిపోయింది, మా వీధికి కరెంటు రోజుల తరబడి లేదు. చేపలు ఎలాగో బతికేయి, నేను చేత్తో నీళ్ళు ఎత్తిపోస్తూ కూర్చున్నాను, కానీ ఫిల్టర్ లోపల స్పాంజిలో ఉండే మంచి బ్యాక్టీరియాకి ఆక్సిజన్ లేక చచ్చి కుళ్ళిపోయింది. కరెంటు వచ్చిన సంతోషంలో ఫిల్టర్ కడక్కుండానే స్విచ్ వేసేశాను. లోపలున్న నల్లటి మురుగంతా ఒక్కసారి ట్యాంకులోకి కక్కింది, కుళ్ళిన గుడ్డు కంపు. మూడో రోజుకి నాలుగు గోల్డ్‌ఫిష్‌ల తోకల్లో ఎర్రటి నరాలు తేలాయి. మెడికల్ షాపుకెళ్ళి అడిగితే టెట్రాసైక్లిన్ క్యాప్సూల్స్ ఇచ్చారు, ఎన్ని వెయ్యాలో వాళ్ళకీ తెలీదు నాకూ తెలీదు, రెండు విప్పి పోశాను. మర్నాటికి నీళ్ళు పలచటి టీ రంగులోకి తిరిగి పైన నురగ కట్టింది. రెండ్రోజులు కాస్త తేరుకున్నట్టే ఉండి, తర్వాత ఒకదాని వెనక ఒకటి పోయాయి. అప్పుడు టెస్ట్ చేసి ఉంటే అమ్మోనియా కనిపించేది, సగం నీళ్ళు మార్చి ఉంటే నాలుగింటిలో రెండైనా మిగిలేవని ఇప్పటికీ అనుకుంటాను.

బ్యాక్టీరియా జబ్బే అని ఎలా గుర్తుపట్టాలి? ఫంగస్ కావచ్చు కదా?

కావచ్చు, పరాన్నజీవి కూడా కావచ్చు, వైరస్ కూడా కావచ్చు. ఒకట్రెండు మందుల్ని మినహాయిస్తే, యాంటీబయాటిక్ వీటిలో బ్యాక్టీరియా మీద తప్ప దేని మీదా పనిచెయ్యదు.

ఒంటి మీద ఉప్మా రవ్వ చల్లినట్టు తెల్లటి చుక్కలుంటే అది ఇక్, అంటే పరాన్నజీవి, దానికి యాంటీబయాటిక్ దండగ. పాత గాయం మీద దూదిపింజలా పొడుగ్గా, మెత్తగా, నీళ్ళలో ఊగుతూ ఉంటే ఎక్కువసార్లు ఫంగస్. ఇక్కడే అందరూ పొరబడేది కొలమ్నారిస్ దగ్గర. అదీ తెల్లగానే ఉంటుంది, మూతి చుట్టూ దూది అంటుకున్నట్టు ఉంటుంది, అందుకే దాన్ని మౌత్ ఫంగస్ అంటారు గాని అది ఫంగస్ కాదు, ఫ్లేవోబ్యాక్టీరియం కొలమ్నారే అనే బ్యాక్టీరియా. దగ్గరగా టార్చి వేసి చూడండి, ఫంగస్ అయితే పోగులు లేచి ఉంటాయి, కొలమ్నారిస్ అయితే పొట్టిగా, బూడిద రంగులో, చర్మానికి అతుక్కుని ఉంటుంది, కొన్ని చేపలకి వీపు మీద గుర్రం జీను వేసినట్టు పాలిపోయిన మచ్చ పడుతుంది. వేడి నీళ్ళలో ఇది చాలా తొందరగా పాకుతుంది, మన ఎండాకాలంలో ట్యాంకు 30 డిగ్రీలు దాటిందంటే ఒకట్రెండు రోజుల్లోనే చేపలు పోవచ్చు. అందుకే ఇలాంటి అనుమానం ఉన్నప్పుడు హీటర్ పెంచకండి. వేడి పెంచడం ఇక్‌కి చేసే వైద్యం, దీనికి చేస్తే జబ్బుకి మేత వేసినట్టే.

ఇక గుంటలు పడ్డ పుళ్ళు, పొలుసుల కింద రక్తపు చారలు, కళ్ళు ఉబ్బడం, ఇవి బ్యాక్టీరియా వైపు చూపిస్తాయి. ఖాయంగా చెప్పాలంటే మాత్రం పుండు నుంచి శాంపిల్ తీసి ల్యాబులో పెంచి, ఏ మందుకి చస్తుందో చూడాలి. చెరువు నుంచి తెచ్చిన కొర్రపిల్లలకి వచ్చే పుళ్ళ జబ్బు ఉంది చూశారా, ఈయూఎస్ అంటారు, చూడ్డానికి అచ్చం బ్యాక్టీరియా పుండులాగే ఉంటుంది గాని దాని మూలం అఫనోమైసిస్ అనే ఫంగస్ లాంటి జీవి. ఎన్ని యాంటీబయాటిక్స్ పోసినా దానికి ఏమీ కాదు.

మెడికల్ షాపులో మనుషుల క్యాప్సూల్ కొని వేసేస్తే తప్పేటి? మందు మందే కదా?

మందు అదే కావచ్చు, కానీ స్ట్రిప్ మీద నిలువుగా ఎర్ర గీత చూశారా, అది డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు అని. షాపువాళ్ళు ఇచ్చేస్తున్నారు కాబట్టి సరైపోదు. చట్టం సంగతి అలా ఉంచండి, చేపకే ఉపయోగం ఉండదు. చేప బరువెంత, నీళ్ళు ఎన్ని లీటర్లు, ఏ బ్యాక్టీరియా, ఇవేవీ లెక్కలో లేకుండా చిటికెడు పొడి చల్లితే బలహీనమైన బ్యాక్టీరియా చస్తుంది, గట్టిది మిగిలి పెరుగుతుంది.

ఇంకోటి, టెట్రాసైక్లిన్, ఆక్సీటెట్రాసైక్లిన్ రకం మందులు నీళ్ళలో ఉన్న కాల్షియం, మెగ్నీషియంతో కలిసి పట్టుబడిపోతాయి. మీ బకెట్టు అంచుకి తెల్లటి పొర కడుతుందంటే అది కఠిన జలం, అలాంటి బోరు నీళ్ళలో ఈ మందు వేస్తే చేపకి అందేది కొంచెమే. వెలుతురు తగిలినా విరిగిపోతుంది.

మావోళ్ళకి రొయ్యల చెరువులున్నాయి, ఆక్వా షాపు మందు డబ్బా ఇంట్లోనే ఉంది, అది వాడొచ్చా?

వద్దు. డబ్బా మీద లేబుల్ లేకపోతే అసలు ముట్టుకోకండి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ రకాలు తినే చేపలు, రొయ్యల పెంపకంలో మన దేశంలో నిషేధం, అయినా పాత డబ్బాలు ఎక్కడో ఒకచోట ఉంటాయి. క్లోరాంఫెనికాల్ అరుదుగానైనా మనిషి ఎముక మూలుగని దెబ్బతీసి రక్తం తయారవ్వకుండా చేస్తుంది, ఒట్టి చేతులతో ఆ పొడి కలిపే పని పెట్టుకోకండి.

మరి చేపకి మందు రాసే డాక్టరు మన దగ్గర ఎక్కడున్నారు?

ఇది నిజంగా కష్టమే, ఒప్పుకుంటాను. కుక్కలకి, ఆవులకి ఉన్నంత సులువుగా చేపలకి దొరకరు. ముందు మీ ఊరి ప్రభుత్వ పశువుల ఆసుపత్రిలో అడగండి, చీటీ రాసే అధికారం వాళ్ళకే ఉంది. బరంపురం పక్కన రంగైలుండలో ఫిషరీస్ కాలేజీ ఉంది, భువనేశ్వర్ దగ్గర కౌసల్యాగంగలో మంచినీటి చేపల మీద పనిచేసే కేంద్ర సంస్థ సిఫా ఉంది. చేప చచ్చిపోయాక రెండో రోజు పట్టుకెళ్తే ఎవరూ ఏమీ చెప్పలేరు, బతికుండగా, లేదా పోయిన గంటా రెండు గంటల్లోపు ఐసు మీద పెట్టి తీసుకెళ్ళాలి, ఫ్రీజర్‌లో గడ్డకట్టించకూడదు. వెళ్ళేటప్పుడు ఒక బాటిల్‌లో ట్యాంకు నీళ్ళు, ఇంతవరకు ఏమేం వేశారో రాసిన కాయితం పట్టుకెళ్ళండి. వేసింది దాచకండి.

ఏ మందు దేనికి పనిచేస్తుంది? ఎరిత్రోమైసిన్ అన్నిటికీ మంచిది అంటారు.

బ్యాక్టీరియాని రెండు గుంపులుగా చూస్తారు, గ్రామ్ పాజిటివ్, గ్రామ్ నెగటివ్. ఈ గ్రామ్ తూకం గ్రామ్ కాదండి, 1884లో బ్యాక్టీరియాకి రంగు వేసి చూసే పద్ధతి కనిపెట్టిన డెన్మార్క్ డాక్టరు పేరు, హాన్స్ క్రిస్టియన్ గ్రామ్. అక్వేరియం చేపల్ని ఎక్కువగా పట్టేవి ఏరోమొనాస్, సూడోమొనాస్, కొలమ్నారిస్, ఇవన్నీ గ్రామ్ నెగటివ్. ఎరిత్రోమైసిన్ ముఖ్యంగా గ్రామ్ పాజిటివ్ మీద పనిచేసేది, అంటే స్ట్రెప్టోకాకస్ లాంటిది పట్టి చేప గుండ్రంగా గింగిరాలు తిరుగుతూ కళ్ళు ఉబ్బినప్పుడు దానికి అర్థం ఉంది, తోక కుళ్ళుకి అంత లేదు. మెట్రోనిడజోల్ గాలి అక్కర్లేని బ్యాక్టీరియాకి, కడుపులో ఉండే హెక్సమిటా రకం పరాన్నజీవులకి, పుళ్ళకి కాదు. నీలం రంగు మందు మిథిలిన్ బ్లూ అసలు యాంటీబయాటిక్కే కాదు. ఎన్రోఫ్లోక్సాసిన్ లాంటివి గట్టి మందులు, అవి డాక్టరు చూసి రాయాల్సినవే, వాటికి దగ్గరి చుట్టాల్లాంటి మందుల్ని మనుషుల ఆసుపత్రుల్లో రోజూ వాడతారు కాబట్టి.

పెద్ద ట్యాంకులోనే వేసేయొచ్చా?

వెయ్యకండి. ఫిల్టర్‌లో అమ్మోనియాని నైట్రైట్‌గా, నైట్రైట్‌ని నైట్రేట్‌గా మార్చేది కూడా బ్యాక్టీరియానే, మందుకి మంచి చెడూ తెలీదు. అది చచ్చిందంటే మళ్ళీ అమ్మోనియా, మళ్ళీ జబ్బు, ఈసారి బాగున్న చేపలకి కూడా.

20 నుంచి 40 లీటర్లు పట్టే ప్లాస్టిక్ టబ్ చాలు, కొత్తది, సబ్బు తగలనిది. అడుగున రాళ్ళు వద్దు, గాలి బుడగలు వదిలే ఒక ఎయిర్ స్టోన్, ఒక స్పాంజి ఫిల్టర్, దాక్కోడానికి ఒక మట్టి కుండ పెంకు, పైన గుడ్డ కప్పి నీడలో పెట్టండి. ఫిల్టర్‌లో కార్బన్, అంటే బొగ్గు, ఉంటే తీసెయ్యండి, అది మందుని పీల్చేస్తుంది. రోజూ అమ్మోనియా చూడండి, పెరిగితే నీళ్ళు మార్చి, మార్చిన నీళ్ళకి సరిపడా మందు మాత్రమే మళ్ళీ వెయ్యాలి. మా వీధిలో అప్ప ఒకావిడ బెట్టా చేపకి ఇలాగే టబ్ పెట్టి, శుభ్రమైన నీళ్ళలో అయిదు రోజులు చూసింది, మందు వేసే పనే పడలేదు, రెక్క చివర పారదర్శకంగా కొత్త పొర వచ్చింది.

డోసుకి లీటర్లు ఎలా లెక్కెయ్యాలి?

షాపువాళ్ళు చెప్పిన సైజు కాదు, లోపల ఉన్న నీళ్ళు కొలవండి. పొడవు, వెడల్పు, నీళ్ళ ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 1000తో భాగించండి. 45 పొడవు, 30 వెడల్పు, 25 ఎత్తు నీళ్ళుంటే 33.75 లీటర్లు. 50 లీటర్ల ట్యాంకు అని అమ్మినదాంట్లో రాళ్ళు, ఖాళీ పోగా ఇంతే ఉంటాయి. టబ్ అయితే ఇంకా సులువు, లీటరు బాటిల్‌తో కొలిచి పోసి పెన్నుతో గీత పెట్టుకోండి.

నీళ్ళలో కలపడం మంచిదా, మేతలో పెట్టడం మంచిదా?

చేప తింటుంటే మేతలోనే. మంచినీటి చేప నీళ్ళు తాగదు, దాదాపుగా తాగదనే చెప్పాలి, చర్మం నుంచి మొప్పల నుంచి లోపలికి వచ్చే నీటిని మూత్రంగా బయటికి తోసుకుంటూ ఉంటుంది, సముద్రపు చేప మాత్రం తాగుతుంది. కాబట్టి ఒంటి లోపలి ఇన్ఫెక్షన్‌కి నీళ్ళలో వేసిన మందు కొన్ని రకాలైతే సరిగా చేరదు. మేతలో పెడితే మందు తక్కువ పడుతుంది, నీళ్ళు పాడవ్వవు. చేప బరువుని బట్టి డాక్టరు లెక్క కట్టిస్తారు, జిలాటిన్‌లో మందు, మేత పొడి కలిపి పలచగా పరిచి ఫ్రిజ్‌లో గట్టిపడ్డాక గోరంత ముక్కలు కోసి వెయ్యాలి. వంటింటి గిన్నెలు వాడకండి. చిక్కేటంటే బాగా జబ్బు చేసిన చేప మేతే ముట్టదు, అప్పుడు నీళ్ళలో తప్పదు, లేదా డాక్టరు ఇంజెక్షన్.

రెండు రోజులకే చురుగ్గా తిరుగుతోంది, ఆపెయ్యనా?

ఆపకండి. డాక్టరు ఎన్ని రోజులు అంటే అన్ని రోజులు, మామూలుగా వారం నుంచి పది రోజులు చెప్తారు. పెనిసిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ బహుమతి ఉపన్యాసంలోనే ఈ ప్రమాదం చెప్పేశాడు, చాలీచాలని డోసుతో సూక్ష్మజీవుల్ని చంపకుండా వదిలేస్తే అవి మందుకి అలవాటు పడిపోతాయని. అలాగే మూడు నాలుగు రోజులైనా ఏ మార్పూ లేకపోతే దాని మీద ఇంకో యాంటీబయాటిక్ కుమ్మరించకండి, మళ్ళీ డాక్టర్ని అడగండి, జబ్బు పేరే తప్పు అనుకుని ఉంటాం.

కొత్త చేపలు తెచ్చినప్పుడు ముందుజాగ్రత్తగా కొంచెం వేస్తే మంచిదే కదా?

ఇది మాత్రం ఎవరు చెప్పినా వినకండి, నాకు బాధ కలిగేది ఈ అలవాటు చూసే. మన షాపులకి చాలా చేపలు కోల్‌కతా వైపు నుంచే వస్తాయి, ఆక్సిజన్ కవర్లలో రాత్రంతా రైల్లో ప్రయాణం, ఆ కవర్లోనే మందు కలిపి పంపేవాళ్ళున్నారు. షాపులో ఇంకోసారి, ఇంట్లో మనం ఇంకోసారి. జబ్బు లేని చేపకి మూడు చోట్ల మందు పడితే చివరికి దాని ఒంటి మీద మిగిలేది దేనికీ చావని బ్యాక్టీరియానే. నిజంగా జబ్బు చేసిన రోజున పనిచెయ్యడానికి మందు ఉండదు.

మందు బదులు క్వారంటైన్ చెయ్యండి. మూడు నాలుగు వారాలు వేరే టబ్బులో, వేరే వలతో. కవర్ నీళ్ళు ట్యాంకులో పొయ్యొద్దు.

ఉప్పు, పసుపు, బాదం ఆకు పనిచేస్తాయా?

ఉప్పు బాగా పనికొస్తుంది, మందుగా కాదు, ఆసరాగా. లీటరుకి ఒకటి నుంచి మూడు గ్రాముల కల్లుప్పు చేపకి ఒంట్లో ఉప్పు నీరు సమం చేసుకునే శ్రమ తగ్గిస్తుంది, నైట్రైట్ విషం నుంచి కాపాడుతుంది. గంజాం జిల్లాలో హుమ్మ ఉప్పు మళ్ళు ఉండనే ఉన్నాయి, ఏ సంతలో అయినా దొరికే ఆ కల్లుప్పు చాలు. వేరే గిన్నెలో కరిగించి మెల్లగా పొయ్యండి. గోల్డ్‌ఫిష్, మోలీ, గప్పీ తట్టుకుంటాయి, కోరిడోరస్ లాంటి పొలుసుల్లేని అడుగు చేపలకి, మొక్కలకి పడదు. నీళ్ళు ఆవిరైతే ఉప్పు పోదు, మళ్ళీ ఉప్పు కలపకండి. బాదం ఆకు ఎండింది వేస్తే నీళ్ళు డికాషన్ రంగుకి వచ్చి కాస్త ఆమ్లంగా మారతాయి, బెట్టాలకి హాయిగా ఉంటుంది, లోతు పుండుకి అది చాలదు. పసుపు నీళ్ళని మురికి చేస్తుంది, నేను వెయ్యను.

పొలుసులు లేచి మొక్కజొన్న కంకిలా అయిపోయింది, పొట్ట ఉబ్బింది. బతుకుతుందా?

డ్రాప్సీ అంటారు. అది జబ్బు పేరు కాదు, మూత్రపిండాలు ఆగిపోతున్నాయని గుర్తు. మొదటి రోజే పట్టుకుంటే వేరే టబ్బు, శుభ్రమైన నీళ్ళు, డాక్టరు రాసిన మందుతో కొన్ని బతుకుతాయి. పొలుసులన్నీ లేచి, పక్కకి ఒరిగి, తిండి మానేసిందంటే ఇంకా మందులు మార్చి మార్చి పొయ్యడం దాన్ని బాధపెట్టడమే. లవంగ నూనెతో నొప్పి లేకుండా సాగనంపొచ్చు. గోరువెచ్చటి నీళ్ళ బాటిల్‌లో నూనె వేసి తెల్లగా అయ్యేదాకా గిలక్కొట్టి మెల్లగా కలపాలి, చేప నిద్రపోయాక ఎక్కువ కలిపి, మొప్పలు ఆగాక కూడా అరగంట నీళ్ళలోనే ఉంచాలి. చెయ్యడానికి మనసొప్పదు, తెలుసు.

కోర్సు అయ్యాక ఆ మందు నీళ్ళు కాలవలో పోసెయ్యొచ్చా?

వద్దండి. మా కాలవలు మహేంద్రతనయలో కలుస్తాయి, అది వంశధారలో కలుస్తుంది, కింద ఊళ్ళవాళ్ళు అందులోనే స్నానాలు, అక్కడే పశువుల తాగునీళ్ళు. మందుని తట్టుకున్న బ్యాక్టీరియా ఆ గుణాన్ని పక్కనున్న వేరే జాతి బ్యాక్టీరియాకి కూడా అందించగలదు, చేపది మనిషిదానికి. 20 లీటర్లే కదా అనిపిస్తుంది, మన ఒక్కరిదే కాదు కదా. 2019లో ప్రపంచంలో మందులకి లొంగని బ్యాక్టీరియా నేరుగా 12.7 లక్షల మంది ప్రాణాలు తీసిందని అంచనా.

టబ్బులో కొత్త కార్బన్ పెట్టి ఒక రోజు ఫిల్టర్ నడిపించండి, చేపని తీసేశాక బ్లీచింగ్ పౌడర్ కలిపి ఒక రోజంతా ఎండలో వదిలెయ్యండి, తర్వాత సెప్టిక్ ట్యాంకుకి వెళ్ళే లెట్రిన్‌లో పొయ్యండి. చెరువులో, బావి పక్కన వద్దు. వల, పైపు కూడా అదే నీళ్ళలో నానబెట్టి కడిగి ఆరబెట్టండి. మందు వేసిన చేప పోతే పిల్లికి వెయ్యకండి, పాతిపెట్టండి. బతికినా ఏట్లో వదలకండి.

చేప జబ్బులు మనకి అంటుకుంటాయా?

కొన్ని అంటుకుంటాయి. ముఖ్యంగా మైకోబ్యాక్టీరియం మారినమ్ అనే బ్యాక్టీరియా. చేప వారాల తరబడి తింటూనే చిక్కిపోయి, వెన్ను వంగి, మానని పుళ్ళు పడితే దాన్ని అనుమానించాలి. చేపకి నమ్మకమైన వైద్యం లేదు, ఇంట్లో యాంటీబయాటిక్ ప్రయత్నమే చెయ్యొద్దు. మనిషికి చేతి మీద గీరుకున్నచోట నుంచి ఎక్కుతుంది, రెండు నుంచి నాలుగు వారాలకి వేలి మీద ఎర్రటి గడ్డలా లేచి తగ్గకుండా ఉంటుంది, ఒక్కోసారి చెయ్యి పొడుగునా వరసగా గడ్డలు లేస్తాయి.

చేతికి దెబ్బ ఉంటే ట్యాంకులో పెట్టకండి, లేదా పొడుగు గ్లౌజులు వేసుకోండి. నీళ్ళు తీసే పైపుని నోటితో పీల్చకండి, ఇది మన దగ్గర అందరూ చేసే పనే, చేత్తో నొక్కే పంపు కొనుక్కోండి. గడ్డ లేచి తగ్గకపోతే బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో గానీ ఇంకెక్కడైనా గానీ చర్మం డాక్టర్ని కలిసి, అడక్కపోయినా మా ఇంట్లో అక్వేరియం ఉందండి అని చెప్పండి. ఈ బ్యాక్టీరియా 30 డిగ్రీల దగ్గరే బాగా పెరుగుతుంది, సంగతి తెలియకపోతే ల్యాబువాళ్ళు మామూలుగా 37 దగ్గర పెట్టి చూస్తారు, ఏమీ లేదని రిపోర్టు వచ్చేస్తుంది.